గుండుసూదుల దిండు

ఆవిడకు మొగుడి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన ఏనాడూ తప్పు చేయలేదు.

తాగి వచ్చే మొగుడో, గిన్నెలు విసిరే మొగుడో అయితే నలుగురికీ చెప్పుకుని గుండె బరువు దించుకోవచ్చు. వినేవాళ్లూ అయ్యో అంటారు. తప్పే చేయని మనిషితో ఇన్నేళ్లుగా కాపురం చేస్తున్నానమ్మా అంటే జాలిపడేదెవరు? పైగా అదృష్టవంతురాలివి అంటారు.

ఆయన దర్జీ. ఇంటి ముందుగదే కొట్టు. వీధిలో చిన్నా పెద్దా అందరూ మాస్టారు అనే పిలుస్తారు. మాస్టారు కుట్టిన ప్యాంటులో ఒక కాలు పొట్టిగా వచ్చిందంటే, ఆ మనిషి రెండో కాలు పొడుగన్నమాట. చొక్కా బిగుతైందంటే, కొలతలిచ్చాక ఆ మనిషి తిండి మీద అదుపు తప్పాడన్నమాట. ఒకసారి ఒక పెద్దమనిషి కోటుకు కుడిచెయ్యి ఎడమవైపూ ఎడమచెయ్యి కుడివైపూ వేసి కుట్టేశాడు. "మీరు నిలబడే తీరులోనే ఏదో తేడా ఉందండీ" అని నచ్చజెప్పి, రోజూ కాసేపు గోడకు వీపు ఆనించి నిలబడమని సలహా కూడా ఇచ్చి పంపించాడు. పాపం ఆ పెద్దమనిషి ఇప్పటికీ కాస్త పక్కకు ఒరిగే నడుస్తాడు.

అయితే తప్పు చేయని మొగుణ్ని కూడా దారికి తెచ్చుకునే ఉపాయం ఒకటి ఆవిడ కాపురానికి వచ్చిన కొత్తలోనే కనిపెట్టింది. పని చేస్తున్నంతసేపూ మాస్టారి నోట్లో గుండుసూదులుంటాయి. పెదాల మధ్య కొన్ని, ఎడమ దవడ సందులో కొన్ని. ఆ దవడ సందు ఆయనకు సొరుగు లాంటిది. అందులో సూదులు పెట్టుకుని మిషను తొక్కగలడు, టీ తాగగలడు, తుమ్ము వస్తే ఆపుకోగలడు. మాట్లాడడం మాత్రం కుదరదు. ఎవరేమడిగినా పెదాలు విప్పకుండా "ఊఁ" అంటాడు. నోరు ఖాళీగా ఉన్నప్పుడు అడిగితే దేనికీ ఒప్పుకోని మనిషి, సూదులున్నప్పుడు అడిగితే అన్నిటికీ ఊఁ అనేవాడు. లైబ్రరీలో చేరడం, వంటింటికి రెండో కిటికీ పెట్టించడం, ముందుగది గోడల దిగులు రంగు మార్పించడం, అన్నీ ఆవిడ అలా సాధించుకున్నవే. తర్వాత ఆయన ఎదురు తిరిగితే, "మీరే కదా ఊఁ అన్నారు" అనేది. ఊఁ అనడం తన తప్పని ఒప్పుకోలేడు కాబట్టి, ఆ మాట అక్కడితో ఆగిపోయేది.

అలాంటి మనిషికి దగ్గు పట్టుకుంది.

దగ్గూ ఆయన తప్పు కాదు, బట్టల దుమ్ముది. సాయంత్రం అయ్యేసరికి ఒళ్లు కాలడం ఇస్త్రీపెట్టె సెగది. ప్యాంట్లు నడుం దగ్గర వదులవుతుంటే, ఈ రకం గుడ్డ సాగుతుందని విసుక్కుంటూ తనవి తనే కొంచెం కొంచెం బిగించి కుట్టుకున్నాడు. మూడోసారి ప్యాంటు బిగించడం చూశాక ఆవిడ ఇక ఊరుకోలేదు. సూదులు నోట్లో ఉన్నప్పుడు, "రేపు డాక్టరు దగ్గరికి వెళ్దామా?" అని అడిగింది.

"ఊఁ."

కళ్లె పరీక్ష చేశారు. టీబీ అన్నారు. నయమవుతుంది, కానీ ఆరు నెలల పాటు రోజూ మందు పడాలి, ఒక్కరోజు కూడా మానకూడదు, ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని మింగించాలి అన్నారు. తిరిగి వచ్చేటప్పుడు దారంతా మాస్టారు ఒక్క మాటా మాట్లాడలేదు. నోట్లో సూదులు కూడా లేవు. ఆవిడకు మొదటిసారి భయం వేసింది అప్పుడే.

ఆ మర్నాడు నర్సమ్మ వచ్చింది. సైకిలు మీద, భుజానికి నల్ల సంచీతో వచ్చింది. చిన్న మనిషి, పెద్ద నవ్వు. వచ్చీ రాగానే ముందుగది కిటికీలు రెండూ బార్లా తెరిచి, ఇవి ఇక మూయకూడదంది. దగ్గేటప్పుడు రుమాలు అడ్డం పెట్టుకోమంది, ఇంకొన్నాళ్లు ఎవరైనా దగ్గరికి వస్తే మూతికి గుడ్డ కట్టుకోమంది. మూత్రం నారింజ రంగులో వస్తుంది, చెమటకీ కాస్త ఆ రంగు రావచ్చు, అది మందు రంగే, కంగారు పడొద్దంది. మాస్టారు అన్నీ విని, ఆ పిల్ల వెళ్లగానే ఆమెకు "తనిఖీ" అని పేరు పెట్టాడు.

ఆమె వెళ్లకముందే, ఎవరు మింగిస్తారన్న దగ్గర కాసేపు చర్చ జరిగింది. భార్యే కదా అంది నర్సమ్మ. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"నా వల్ల కాదమ్మా. ఆయన మొహం చిట్లించి చేదుగా ఉందంటే, పోనీలెండి రేపు మింగుదురు గాని అనేస్తాను. నా సంగతి నాకు తెలుసు. మా అమ్మను పిలిపిస్తాను."

మాస్టారు కత్తెర ఆపి చూశాడు. ఆ చూపులో ఆరు నెలల మందు కన్నా ఎక్కువ చేదు ఉంది.

అత్తగారికీ అల్లుడికీ గొడవలేమీ లేవు. గొడవ పడాలంటే మాట్లాడుకోవాలి కదా. ఎదురెదురుగా కూర్చుని కూడా, "అల్లుడుగారు టీ తాగుతారేమో కనుక్కో అమ్మాయ్" అని ఒకరూ, "అత్తయ్యగారిని ఫ్యాను గాలిలోకి జరగమను" అని ఒకరూ, మధ్యలో ఆవిడ టెలిఫోను తీగలా ఉండేది. పెద్దావిడ హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. లెక్కల కన్నా పరీక్ష హాల్లో ఆవిడ పేరు గొప్పది. చొక్కా మడతలో, చెప్పు అడుగున, పెన్ను గొట్టంలో దాచిన చీటీలు కూర్చున్న చోటు నుంచే పట్టేసేది. ఆఖరి బెంచీలో కాగితం మెదిలినా చెవి అటు తిరిగేది. అలాంటావిడ చిన్న పెట్టె ఒకటి పట్టుకుని దిగింది.

పొద్దున్నే కిటికీ పక్కన కుర్చీ వేసేది. సాసరులో మాత్రలు, పక్కన గ్లాసుడు నీళ్లు.

"కానివ్వండి అల్లుడుగారూ."

ఆయన మింగేవాడు.

"నోరు తెరవండి. నాలుక ఎత్తండి. ఊఁ, ఇక వెళ్లొచ్చు."

పేపరు ఇచ్చేసి హాలు దాటే కుర్రాడిలా మాస్టారు మెల్లగా కొట్టులోకి జారుకునేవాడు. వంటింట్లోంచి ఇది చూస్తూ ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. పెళ్లయిన ఇన్నేళ్లకు ఆయన ఎవరి ముందైనా నాలుక ఎత్తి నిలబడడం చూసింది. దానికోసమైనా ఆ జబ్బుకు కొంచెం రుణపడి ఉన్నట్టు అనిపించి, వెంటనే లెంపలేసుకుంది.

మొదట్లో అంతా సవ్యంగానే సాగింది. జ్వరం పోయింది, ఆకలి పుట్టింది, దగ్గు తగ్గింది. తనంతట తనే బాగుపడుతున్నట్టు మాస్టారు కొట్టుకొచ్చిన వాళ్లకు చెప్పుకున్నాడు, జబ్బు పేరు మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆ రోజుల్లోనే బ్యాండు మాస్టారు ఆర్డరు ఇచ్చాడు. తన బ్యాండులో వాయించే వాళ్లందరికీ తెల్ల కోట్లు, ఇత్తడి బొత్తాలు, భుజాల మీద కుచ్చులు. తనకొక్కడికీ ఛాతీ మీద అదనంగా జరీ గీత. అలాంటి ఆర్డరు దర్జీకి ఊరికే రాదు. ఆరోజు మాస్టారు రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఇంట్లో ఒక వింత మొదలైంది. పెద్దావిడ పొద్దున్నే మాత్రలు మింగించాక, అల్లుడుగారి పాత రేడియో బరబరమంటోంది, అటక మీద పెట్టించనా అని అడిగింది. ఆ రేడియో జోలికి వెళ్తే ఇల్లు పీకి పందిరేసే మనిషి, "ఊఁ" అన్నాడు. మరోరోజు అల్మరాలో పాత కత్తిరింపు కాగితాల దొంతర పారేయించనా అంటే "ఊఁ" అన్నాడు. నా అల్లుడు బంగారం, నువ్వే ఇన్నాళ్లూ ఆయన్ను సరిగ్గా అర్థం చేసుకోలేదని పెద్దావిడ కూతుర్ని దెప్పింది.

ఆవిడ మాత్రం గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ ఊఁ ఆవిడకు తెలుసు. పెదాలు విప్పకుండా, గొంతులోంచి, కొంచెం ఎడమవైపు నుంచి వచ్చే ఊఁ అది. ఆ ఊఁతోనే కదా తను సంసారం చేసింది. కానీ అప్పటికింకా ఆయన పని మొదలుపెట్టలేదు. సూదులన్నీ ఆయన ఎడమ మణికట్టుకున్న దిండుకే గుచ్చి ఉన్నాయి.

ఆ దిండు ఆయన స్వయంగా కుట్టుకున్నది. తెల్లగుడ్డలో దూది కూరి, పట్టీతో మణికట్టుకు కట్టుకుంటాడు. సూదులు గుచ్చుకుంటాయని దాన్ని ఇంకెవరూ ముట్టుకోరు. ఆవిడ ఇప్పుడు దాన్ని కాస్త శ్రద్ధగా చూసింది. దిండు ఒళ్లు చేసినట్టుంది. పోయినసారి నర్సమ్మ తూచినప్పుడు మాస్టారు బరువు పెరగనే లేదు. సాయంత్రాలు మళ్లీ చిన్న దగ్గు వినిపిస్తోంది, రుమాల్లో నొక్కేస్తున్నాడు గాని వినిపిస్తోంది. మనిషి పెరగాల్సింది పోయి దిండు పెరుగుతోంది. పైగా బ్యాండు మాస్టారి కోటు ఛాతీ మీద లేత నారింజ రంగు మరక కనిపించి అదేమిటని అడిగితే, గుడ్డ మిల్లు వాళ్ల నిర్వాకం అన్నాడు.

మాస్టారు స్నానానికి వెళ్లినప్పుడు ఆవిడ కుట్లు విప్పే చిన్న కత్తి తీసుకుని దిండు వారన ఒక కుట్టు విప్పింది. లోపల దూది నారింజ రంగుకు తిరిగి ఉంది. అందులో ఉబ్బిపోయి, పొట్టు రేగి, ఒకదానికొకటి అంటుకుపోయిన మాత్రలు. చేతికి చెమట పట్టి, ఆ రంగు గుడ్డలోంచి ఊరి, కోటు ఛాతీని తాకిందన్నమాట.

నవ్వూ కోపమూ ఒకేసారి వస్తాయని ఆవిడకు అప్పుడే తెలిసింది. తర్వాత ఆ కుట్టు మళ్లీ వేసింది. ఇన్నేళ్లు దర్జీ భార్యగా ఉన్నందుకు ఆ మాత్రం చేయి తిరిగింది. దిండు ఉన్నచోటే పెట్టేసింది. అరిచి లాభం లేదు. అరిస్తే మాత్రలే దొర్లుకుంటూ దిండులోకి వెళ్లాయంటాడు.

మర్నాడు నర్సమ్మ వచ్చే రోజు. సాసరు, గ్లాసు, కుర్చీ, నోరు, నాలుక, అన్నీ ఆమె ఎదుటే యథావిధిగా జరిగాయి. వెళ్లొచ్చని పెద్దావిడ అనబోతుంటే ఆవిడ చేయి తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది.

"ఏవండీ, ఒక్కమాట. మందులయ్యాక కూడా అమ్మ ఇక్కడే ఉండిపోతే బాగుంటుంది కదా?"

మాస్టారి కళ్లు ఒకసారి అత్తగారి వైపూ ఒకసారి భార్య వైపూ తిరిగాయి. "ఊఁ," అన్నాడు.

పెద్దావిడ కూతుర్ని అనుమానంగా చూసింది. ఈ సంగతి తనకే తెలియదు.

"అయితే ముందుగది అమ్మకు ఇచ్చేద్దాం. గాలీ వెలుతురూ బాగుంటాయి. మీ కటింగు బల్ల తీసుకెళ్లి వెనక వరండాలో నీళ్ల డ్రమ్ము పక్కన వేద్దాం. ఈ మధ్యాహ్నమే మనుషుల్ని పిలుస్తాను. సరేనా?"

మాస్టారి మొహం ఎర్రబడింది. ఆ బల్ల ఆయన గురువు ఇచ్చింది. ఊఁ అంటే బల్ల పోతుంది. ఊఁహూఁ అంటే భార్య ఎందుకంటుంది, దానికి నోరు విప్పి జవాబు చెప్పాలి. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చివరికి మెడ బిగించి, గటుక్కుమని మింగి, ఆపైన గ్లాసులో మిగిలిన నీళ్లన్నీ తాగి, ఊపిరి పీల్చుకుని అన్నాడు:

"నా బల్ల కదలదు."

"ఇవాళ్టికి మందు పడింది," అంది ఆవిడ నర్సమ్మతో. మొగుడి మణికట్టు నుంచి దిండు విప్పి, నిన్న తను వేసిన కుట్టు లాగి, లోపలున్నదంతా సాసరులో దులిపింది.

అందరికన్నా పెద్ద దెబ్బ పెద్దావిడకు తగిలింది. అన్నేళ్ల సర్వీసులో దవడలో చీటీ పెట్టినవాడు ఒక్కడూ దొరకలేదు ఆవిడకి. "నాలుక కిందా చూశానమ్మా," అని నర్సమ్మ దగ్గర మొత్తుకుంది. "దవడ సిలబస్సులో లేదు."

నర్సమ్మ నవ్వబోయి ఆపుకుంది. సాసరులో ఉన్నవాటిని వేలితో అటూ ఇటూ జరిపి చూసి, సంచీ పక్కన పెట్టి, మాస్టారికి ఎదురుగా కూర్చుంది. ఎందుకు దాచారని మామూలుగా, టీలో పంచదార ఎంత వేయాలన్నట్టుగా అడిగింది. మాస్టారు చేతులు చూసుకుంటూ చెప్పుకొచ్చాడు. చెమటకు రంగు వస్తుందని నువ్వే కదా చెప్పావు. అన్నీ తెల్ల కోట్లు. చెయ్యి పడితే మరకైతే ఎలా? జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది, కోట్లు అయ్యేదాకా ఆపి తర్వాత మింగుదామనుకున్నాను. దాచింది ఎందుకంటే, చెప్తే మీరు ఒప్పుకోరు కాబట్టి. ఇందులో నేను చేసిన తప్పేముంది, తప్పు మందుకు రంగు వేసినవాడిది.

"మాస్టారూ, సగం కుట్టి ముడి వేయకుండా వదిలేస్తే ఏమవుతుంది?"

"నేనెప్పుడూ అలా వదల్లేదు."

"వదిలారు. ఇదిగో," అని సాసరు చూపించింది. "ఈ సూక్ష్మజీవి మొండిది. సగం చంపి వదిలేస్తే, మిగిలింది ఈ మందుకు అలవాటు పడిపోతుంది. అప్పుడు ఇదే మందు గుప్పెళ్లతో మింగినా పనిచేయదు. వేరే మందులు, ఇంతకన్నా ఎక్కువ కాలం, ఇంతకన్నా కష్టం. అప్పటిదాకా ఇంట్లో వాళ్లు పీల్చేదీ మీ గాలే. చేతులు తుడుచుకోవడానికి ఒక తువ్వాలు పెట్టుకుంటే పోయేదానికి, ఇంత పని చేశారు."

కళ్లె మళ్లీ పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా ఆవిడ వంటలో ఉప్పు ఒకరోజు మరిచిపోయింది, ఒకరోజు రెండుసార్లు వేసింది. మాస్టారు రెండు రోజులూ కిక్కురుమనకుండా తిన్నాడు. ఫలితం వచ్చింది. సూక్ష్మజీవులు ఇంకా ఉన్నాయి. అయితే పాత మందే ఇంకా వాటి మీద పనిచేస్తుందట. డాక్టరు గట్టిగా చీవాట్లు పెట్టి, మందుల గడువు పొడిగించాడు. అదృష్టం అంది ఆవిడ. అదృష్టంలో తప్పొప్పులుండవు కాబట్టి, దానికి జవాబు చెప్పే అవసరం మాస్టారికి కనిపించలేదు కాబోలు.

పెద్దావిడ పద్ధతి మార్చింది. నోరు, నాలుక, రెండు దవడలూ అయ్యాక కొత్తగా ఒక పరీక్ష పెట్టింది. మాత్రలు మింగాక అల్లుడు వార్తాపత్రికలో ఒక పేజీ గట్టిగా చదవాలి. దవడలో ఏమన్నా ఉంటే మాట పలకదు కదా. మాస్టారు మొదట్లో వాతావరణం కాలమ్ గొణిగేవాడు. "ఆఖరి బెంచీకి వినపడాలి అల్లుడుగారూ," అనేది పెద్దావిడ. గొంతు పెంచేవాడు. కొన్నాళ్లకు వాతావరణం దాటి వార్తల్లోకి వచ్చాడు. వార్తలన్నాక ఊరికే చదవడం ఎవరి తరమూ కాదు. ఈ మంత్రిగారి కోటు చూశారా అత్తయ్యగారూ, భుజం దగ్గర ఎంత జారిందో అని ఆయనా, కోటు సంగతి సరే, ఆయన చెప్పిన లెక్క చూడండి, ఎనిమిదో తరగతి వాడు కూడా ఇంత తప్పు చేయడని పెద్దావిడా. ఇన్నేళ్లూ తమ మధ్య టెలిఫోను తీగలా నడిచిన కూతురికి ఆ పూట పనిలేకుండా పోయింది. ఆవిడకు సంతోషమే, కాస్త ఒంటరిగా కూడా అనిపించింది.

ఇంట్లో వాళ్లిద్దరికీ మొదట్లోనే పరీక్షలు చేశారు. ఏమీ లేదన్నారు. అలాంటిది ఒకరోజు పెద్దావిడ దగ్గింది. ఆ రోజంతా దగ్గుతూనే ఉంది. దుమ్ము, అంది పెద్దావిడ.

దుమ్ము అన్న మాట వినగానే మాస్టారు మిషను ఆపేశాడు. నర్సమ్మకు కబురు వెళ్లింది. కళ్లె తీసుకెళ్లింది, ఛాతీ ఫొటో తీయించింది, తేలేదాకా పెద్దావిడను వెనక గదిలో కిటికీలు తెరుచుకుని ఉండమంది. పెద్దావిడ మహా గంభీరంగా వెళ్లి, తలుపు వేసుకుంది.

మర్నాడు పొద్దున్న కిటికీ పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. ఆవిడ తనే సాసరు తెచ్చి పెట్టింది. మాస్టారు మాత్రలు మింగి, ఎవరూ అడగకుండానే నోరు తెరిచాడు, నాలుక ఎత్తాడు, వేలితో రెండు దవడలూ లాగి చూపించాడు. తర్వాత పేపరు తీసుకుని, వెనక గది తలుపు ముందు నేల మీద చతికిలబడి, ఆ చెక్కతలుపుకు వాతావరణం దగ్గర్నుంచి వరసగా చదవడం మొదలుపెట్టాడు. మధ్యలో ఆగి చెవి పెట్టేవాడు. లోపల్నుంచి దగ్గు వినపడితే ఆయన భుజాలు కుంచించుకుపోయేవి. "తర్వాత," అని గొంతు వినపడితే మళ్లీ చదివేవాడు. ఆ పూట బల్ల మీద గుడ్డ పరిచాడు గాని సుద్ద గీత ఒక్కటీ గీయలేదు. భార్య అన్నానికి పిలిస్తే, "ఆవిడకేమన్నా అయితే..." అని, వాక్యం అక్కడే వదిలేశాడు. ముడి వేయకుండా వదిలేశారేం అని ఎత్తిపొడుద్దామనుకుంది ఆవిడ. ఆయన మొహం చూసి, మజ్జిగ కలిపి పెట్టింది.

ఫలితాలు బ్యాండు మాస్టారు కోట్ల కోసం వచ్చిన రోజే వచ్చాయి. ముందుగదిలో ఆయన కోటు తొడుక్కుని నిలబడి ఉన్నాడు. ఆయన ఛాతీ ముందు, ఆయన వెనక అన్నట్టుంటాడు. మాస్టారు మూతికి కట్టుకున్న గుడ్డ గడ్డం కిందికి జార్చి, కిటికీ వైపు మొహం తిప్పుకుని, పెదాల మధ్య సూదులు ఇరికించుకుని, ఆయన వెనకాల నిలబడి నడుం దగ్గర మడత సరిచేస్తున్నాడు. ఎడమ మణికట్టుకు కొత్త దిండు. సైకిలు బెల్లు వినపడగానే ఆయన చేతులు ఆగిపోయాయి.

"ఇద్దరిదీ తెచ్చాను," అంది నర్సమ్మ గడపలోనే. "పెద్దమ్మగారికి ఏమీ లేదు, మామూలు జలుబే. మాస్టారిదీ ఈసారి శుభ్రంగా వచ్చింది. మందు మాత్రం ఆపేదిలేదు."

వెనక గది తలుపు తెరుచుకుంది. పెద్దావిడ నలిగిన చీర సర్దుకుంటూ వచ్చి, ఏమీ జరగనట్టు తన కుర్చీలో కూర్చుని పేపరు అందుకుంది. ఆవిడ వంటింటి గడప మీద కూలబడింది.

సరిగ్గా అప్పుడే బ్యాండు మాస్టారు అద్దంలో చూసుకుని, ఛాతీ మీద వేలు పెట్టాడు. ఎన్నిసార్లు ఉతికినా, జరీ గీత పక్కన లేత నారింజ నీడ మిగిలే ఉంది.

"ఇదేమిటి మాస్టారూ?" అన్నాడు. ఆయన పాత ఖాతాదారు, అడగడం అడిగాడు గాని వెంటనే సర్దుకున్నాడు. "గుడ్డలోనే ఉందేమో లెండి. మిల్లు వాళ్లు ఈ మధ్య అలాగే చేస్తున్నారు."

"నేనే ఉతికేటప్పుడు సరిగ్గా చూడలేదేమో అన్నయ్యగారూ," అంది ఆవిడ గడప మీద నుంచి.

"ఎండ పడి అలా కనిపిస్తోంది," అంది పెద్దావిడ పేపరు వెనక నుంచి.

మాస్టారికి కావలసిన సాకులన్నీ కత్తిరించి, కుట్టి, ఇస్త్రీ చేసి ముందు పెట్టినట్టయింది. ఏదో ఒకటి తొడుక్కుంటే చాలు. ఒక్క ఊఁ అంటే చాలు.

ఆయన పెదాల మధ్య నుంచి ఒక సూది తీసి మణికట్టు దిండుకు గుచ్చాడు. ఇంకొకటి తీశాడు. దవడ సందులోవి కూడా ఒక్కొక్కటే తీసి గుచ్చాడు. ఖాతాదారు ఎదురుగా ఉండగా ఆయన నోరు ఖాళీ చేయడం ఆవిడ ఎప్పుడూ చూడలేదు. గడప మీద నుంచి లేచి నిలబడింది.

"మిల్లుది కాదు," అన్నాడు మాస్టారు. "నాకు టీబీ ఉంది. మందు మింగకుండా దిండులో దాచాను. ఆ రంగు ఊరి మీ కోటుకు అంటింది. ఆ ముక్క మార్చి కొత్తది వేస్తాను."

బ్యాండు మాస్టారు నర్సమ్మ వైపు చూశాడు. భయం లేదు, ఇప్పుడు సరిగ్గానే మింగుతున్నారు, అంది నర్సమ్మ. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, కోటు విప్పి బల్ల మీద పెట్టి, పోయిన ఏడు కుట్టిన ప్యాంటులో కూడా ఒక కాలు కొంచెం పొట్టిగా ఉందనుకుంటానని మెల్లగా, నేల చూస్తూ అన్నాడు.

మాస్టారు ఆ మాట విననట్టే కుర్చీ దగ్గరికి నడిచాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మెడలో టేపు రెండు చివర్లూ పట్టుకున్నాడు.

"అత్తయ్యగారూ," అన్నాడు. గొంతు గొణుగుడులోకి దిగిపోయింది. "తప్పు నాదే."

పెద్దావిడ పేపరు దించింది. ఆఖరి బెంచీలో కాగితం మెదిలినా వినపడే చెవులు ఆవిడవి.

"వినపడలేదు అల్లుడుగారూ," అంది. "పేపరు చదివినట్టు చెప్పండి."

మాస్టారు భార్య వైపు చూశాడు. ఆవిడ సాయానికి రాలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఆయన ఊపిరి పీల్చుకున్నాడు.

"తప్పు నాదే," అన్నాడు, బార్లా తెరిచిన రెండు కిటికీల్లోంచీ వీధి చివరిదాకా వినపడేలా.